కోతకు అందని పారాగాంగ్లియోమా: కొత్త మాత్ర వచ్చిందన్న వార్తను ఎలా చదవాలి?

తణుకు తమ్ముడు | 3 ఆగస్టు 2025

సభ్యులందరికీ నమస్కారం. మా అక్కయ్య వయసు 41. కడుపులో బృహద్ధమనికి ఎడమ పక్కన పెరిగిన నాలుగున్నర సెంటీమీటర్ల గడ్డను 2014లో ఆపరేషన్ చేసి తీసేశారు. పారాగాంగ్లియోమా అనే మాట మేము విన్నది అప్పుడే. అంతకు ముందు నాలుగేళ్ల పాటు తలనొప్పి, ఒళ్లంతా చెమటలు, గుండెదడ కలిసికట్టుగా వచ్చి పావుగంటలో పోయేవి. ఒక డాక్టరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు టెన్షన్ అన్నారు, పెళ్లి కుదరక బెంగ పెట్టుకుందని చుట్టాలు తేల్చేశారు.

ఆపరేషన్ తరువాత పదేళ్లు బాగానే గడిచింది. ఈ జనవరిలో నడుము నొప్పికి తీసిన స్కాన్‌లో వెన్నుపూసల్లో రెండు చోట్ల, కాలేయంలో ఒక చోట మచ్చలు కనిపించాయి. పాత గడ్డ జాతివేనని సూదితో తీసిన ముక్క పరీక్షలో తేలింది. ఇవి కోసి తీసేవి కావని చెప్పారు. ఇంతలో బెల్జుటిఫాన్ అనే మాత్రకు ఈ జబ్బు కోసం మే నెలలో అమెరికా అనుమతి ఇచ్చిందన్న వార్తను బావగారు పంపించి, ఇల్లు తాకట్టు పెట్టయినా తెప్పిద్దామంటున్నారు. ఈ మాత్రను ఎంతవరకు నమ్మవచ్చో, మా అక్కయ్యకు అది ఇప్పుడే అవసరమో తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత ఆచార్యుడు | 3 ఆగస్టు 2025

తమ్ముడుగారూ, వైద్య కళాశాలలో హార్మోన్ జబ్బుల విభాగంలో చాలా ఏళ్లు పాఠం చెప్పినవాడిని. మీ అక్కగారి కాగితాలు చూడకుండా ఇది వాడండి, అది మానండి అని చెప్పను కానీ వార్త వెనక ఉన్న లెక్కను విప్పి చెప్పగలను.

కొత్తగా చదివేవారి కోసం ముందు రెండు ముక్కలు. మూత్రపిండం నెత్తిన ఉండే అడ్రినల్ గ్రంథి లోపలి భాగంలో పుట్టే గడ్డను ఫియోక్రోమోసైటోమా అంటారు. అదే జాతి కణాలు గ్రంథి బయట, వెన్నెముక పక్కనో మెడలోనో మూత్రాశయం గోడలోనో గడ్డ కడితే పారాగాంగ్లియోమా అంటారు. రెండూ కలిపి ఏటా పది లక్షల మందిలో రెండు నుంచి ఎనిమిది మందికి బయటపడతాయి. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ వేళాపాళా లేకుండా రక్తంలోకి కుమ్మరించడం వల్లే ఆ తలనొప్పి, చెమట, దడ. మెడలో పుట్టేవాటిలో చాలా భాగం హార్మోన్ ఏమీ విడుదల చేయకుండా ఊరుకుంటాయి.

ఇక ఆ మాత్ర. అనుమతికి ఆధారమైన లైట్‌స్పార్క్-015 ప్రయోగంలో, కోయడానికి వీలులేని లేదా పాకిపోయిన జబ్బు ఉన్న 72 మందికి రోజుకు 120 మిల్లీగ్రాముల మోతాదులో దీన్ని ఇచ్చారు. వారిలో 26 శాతం మందికి గడ్డలు కుదించుకున్నాయి. ఇక్కడ కుదించుకోవడం అంటే మాయమవడం కాదు. కొలిచిన గడ్డల అడ్డకొలతల మొత్తం కనీసం 30 శాతం తగ్గడం. అలా తగ్గినవారిలో సగం మందికి ఆ మేలు సుమారు 20.4 నెలలో, అంతకన్నా ఎక్కువో నిలిచింది. మిగిలిన ముప్పాతిక మందిలో గడ్డ ఉన్నచోటనే ఉండిపోయినవారు ఉన్నారు, పెరిగినవారూ ఉన్నారు.

నాకు ఇంకా విలువైనదిగా అనిపించింది మరో అంకె. మొదటి నుంచి బీపీ మందులు వాడుతున్న 60 మందిలో 19 మందికి, కనీసం ఒక బీపీ మందు మోతాదును సగానికో అంతకన్నా దిగువకో తగ్గించి ఆరు నెలల పాటు అలాగే కొనసాగించగలిగారు. ఈ జబ్బులో మనిషిని రోజూ వేధించేది గడ్డ పరిమాణం కన్నా హార్మోన్ పోటే కాబట్టి, ఈ కొలతను పెట్టుకోవడం మంచి పని.

అయితే ఈ ప్రయోగంలో పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర తీసుకున్న రెండో జట్టు లేదు. ఆ లోటు ఎంతటిదో రేపు తీరిగ్గా రాస్తాను. ఈలోగా మీరు మూడు విషయాలు చెప్పండి. జనవరి తరువాత మళ్లీ స్కాన్ తీసి మచ్చలు పెరుగుతున్నాయో లేదో చూశారా? జన్యు పరీక్ష చేయించారా? అక్కగారి బీపీ ఎలా ఉంది?

తణుకు తమ్ముడు | 4 ఆగస్టు 2025

ఆచార్యులుగారికి ధన్యవాదాలు. మళ్లీ స్కాన్ తీయలేదు, ఆగస్టు చివర రమ్మన్నారు. జన్యు పరీక్ష 2014లో ఎవరూ అడగలేదు, మాకూ తెలియదు. బీపీ మామూలుగా 140 దగ్గర ఉంటుంది కానీ వారానికి రెండు మూడు సార్లు 200 దాటుతోంది. హిమోగ్లోబిన్ 9.8 అని ఉంది. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలియక రాస్తున్నాను.

ఊరగాయ జాడీ | 4 ఆగస్టు 2025

నేను డాక్టరును కాను, కుడివైపు అడ్రినల్ గ్రంథిని తీయించుకున్నదాన్ని. కొత్త మాత్ర సంగతి తరువాత చూడవచ్చు, వారానికి మూడుసార్లు 200 దాటే బీపీని మాత్రం ఆగస్టు చివరిదాకా వదిలేయకండి, తమ్ముడూ.

నాకు జరిగింది చెబుతాను. గుండెదడ అని వెళితే, గడ్డ సంగతి తెలియక ముందు, ఒక ఆసుపత్రిలో దడ తగ్గడానికి బీటా బ్లాకర్ మాత్ర రాశారు. రెండో రోజు రాత్రి బీపీ 240 దాటి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, అంబులెన్స్‌లో తీసుకెళ్లారు. రక్తనాళాలను బిగించే ద్వారాలను ఆల్ఫా మందుతో మూయకుండా, వాటిని వదులుచేసే ద్వారాలను బీటా మందుతో మూసేస్తే అడ్రినలిన్‌కు బిగించే దారి ఒక్కటే మిగులుతుందని ఆ తరువాత నాకు ఒక చిన్న డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. ఆల్ఫా ముందు, బీటా తరువాత: ఆ వరస నా ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాసుకున్నాను.

ఆపరేషన్‌కు ముందు పదిహేను రోజులు ఆల్ఫా మందు వేశారు. పని చేస్తోందని ఎలా తెలుస్తుందని అడిగితే, ముక్కు దిబ్బడ వేస్తే పని చేస్తున్నట్టే అన్నారు. నిజంగానే నాలుగో రోజుకు రెండు ముక్కులూ మూసుకుపోయాయి. మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరిగేవి. అందుకని కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి బీపీ చూసి నోటుబుక్కులో రెండు గళ్లలో రాసేవాళ్లం. ఆ తరువాత వచ్చింది అసలు వింత. బీపీ మనిషినని ఏడేళ్లుగా ఊరగాయ ముట్టనివ్వని మా ఇంట్లో, ఉప్పు బాగా తిని నీళ్లు ఎక్కువ తాగమని డాక్టరే చెప్పారు. ముడుచుకుపోయిన రక్తనాళాలు వదులైనప్పుడు వాటిని నింపడానికి నీరు కావాలట. మా అత్తగారు నమ్మలేక ఫోన్ చేసి మళ్లీ కనుక్కుని, అప్పుడు ఆవకాయ జాడీ దించారు.

డల్లాస్ ఫార్మసీ | 5 ఆగస్టు 2025

అందరికీ నమస్తే. నేను విజయనగరం వాడిని, డల్లాస్‌లో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేస్తున్నాను. బెల్జుటిఫాన్ పుట్టింది ఈ ఊళ్లోనే కాబట్టి ఆ కథ కొంత తెలుసు.

ఒంట్లో ప్రతి కణమూ తనకు ఆక్సిజన్ అందుతోందో లేదో కనిపెడుతూ ఉంటుంది. అందకపోతే హిఫ్ అనే ప్రోటీన్లు పోగుపడి, కొత్త రక్తనాళాలు వేయమని, ఎర్రకణాలు పెంచమని ఆజ్ఞలు పంపుతాయి. ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు హిఫ్ మీద ఒక రసాయన ముద్ర పడుతుంది, ఆ ముద్రను చూసి వీహెచ్ఎల్ అనే మరో ప్రోటీన్ దాన్ని చెత్తబుట్టకు పంపుతుంది. ఈ యంత్రాంగాన్ని విప్పి చెప్పినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. పుట్టుకతోనే వీహెచ్ఎల్ జన్యువు చెడినవారిలో హిఫ్‌ను పారేసేవారు ఉండరు. అందుకని గాలి ధారాళంగా ఆడుతున్నా ఊపిరాడటం లేదని కణం కేకలు పెడుతూనే ఉంటుంది, గడ్డలు కడుతుంది.

ఈ హిఫ్ ప్రోటీన్లలో ఒకటైన హిఫ్-2 ఆల్ఫాను మందుతో ఆపడం సాధ్యం కాదని చాలాకాలం అనుకున్నారు, ఎందుకంటే మందు అణువు పట్టుకుని కూర్చోవడానికి దాని మీద అనువైన గుంట కనిపించలేదు. ఇక్కడి యూటీ సౌత్‌వెస్టర్న్ వైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ప్రోటీన్ లోపల ఒక చిన్న బోలు ఉందని కనిపెట్టి, అందులో ఇమిడే అణువుల కోసం లక్షలాది రసాయనాలను జల్లెడ పట్టారు. ఆ పనిని ముందుకు తీసుకెళ్లిన పెలోటన్ అనే చిన్న సంస్థను 2019లో మెర్క్ అనే పెద్ద మందుల సంస్థ కొనుక్కుంది. అలా హిఫ్-2 ఆల్ఫాను ఆపే మందుగా పుట్టిన బెల్జుటిఫాన్‌కు, వీహెచ్ఎల్ జబ్బువారిలో వచ్చే కొన్ని గడ్డల కోసం 2021లో తొలి అనుమతి వచ్చింది. మీ బావగారు చదివిన వార్త 2025 మే 14 నాటిది, అది పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ పెద్దలకూ వర్తిస్తుంది.

తమ్ముడుగారు హిమోగ్లోబిన్ సంగతి రాయడం చాలా మంచిదైంది. ఎర్రకణాలను పెంచే ఎరిత్రోపోయెటిన్ హార్మోన్‌కు ఆజ్ఞ ఇచ్చేది కూడా ఈ హిఫ్-2 ఆల్ఫానే. దాన్ని ఆపితే రక్తహీనత రావడం మందు పొరపాటు కాదు, మందు చేసే పనిలోనే అది ఉంది. 9.8తో మొదలుపెడితే మధ్యలో ఆపాల్సి రావచ్చు, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. ముందుగా ఆ 9.8కి కారణం ఇనుము లోపమా, వెన్నుపూసల్లోని జబ్బా అన్నది తేల్చమనండి. కొందరికి రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, కాబట్టి వేలికి తగిలించే ఆక్సీమీటర్ ఇంట్లో ఉండాలి. గర్భంలో ఉన్న శిశువుకు ఇది తీవ్రమైన హాని చేస్తుంది. పైగా కొన్ని గర్భనిరోధక మాత్రలను పని చేయకుండా చేస్తుంది కనుక, హార్మోన్‌తో సంబంధం లేని పద్ధతి వాడాలి. ఈ మాట ఆడవాళ్లకు చాటుగా కాక స్పష్టంగా చెప్పాలి.

తణుకు తమ్ముడు | 5 ఆగస్టు 2025

ఇది వీహెచ్ఎల్ జబ్బువారి కోసం పుట్టిన మందు కదా; మా ఇంట్లో ఆ జబ్బు ఎవరికీ లేదు. మరి పని చేస్తుందా?

డల్లాస్ ఫార్మసీ | 5 ఆగస్టు 2025

అదే చోటికి ఇంకో దారి ఉంది. కణంలో శక్తిని తయారుచేసే చోట సక్సినేట్ అనే పదార్థాన్ని అరిగించే ఎంజైము ఒకటి ఉంది. దాని భాగాలను తయారుచేసే ఎస్‌డీహెచ్ జన్యువుల్లో ఏదో ఒకటి చెడితే సక్సినేట్ పేరుకుపోయి, హిఫ్ మీద ముద్ర వేసే పనిని అడ్డుకుంటుంది. ముద్ర లేకపోతే వీహెచ్ఎల్ బాగానే ఉన్నా గుర్తుపట్టలేదు. రెట్, ఎన్ఎఫ్1 జన్యువుల వల్ల వచ్చే గడ్డలు మాత్రం ఎక్కువగా వేరే సంకేతాల మీద పెరుగుతాయి. అందుకే ఆచార్యులవారు జన్యు పరీక్ష అడిగారని అనుకుంటున్నాను.

పరీక్షనాళిక | 6 ఆగస్టు 2025

ల్యాబు మనిషిగా ఒక మాట. అక్కగారి మెటానెఫ్రిన్ల (అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ విరిగితే మిగిలే పదార్థాల) పరీక్ష ఫలితాన్ని చూసే ముందు ఆ రక్తం ఎలా తీశారో అడగండి. ఇరవై నుంచి ముప్పై నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి, సూది ముందే పెట్టి ఉంచి, ఆ తరువాత తీయాలి. కుర్చీలో కూర్చోబెట్టి, మెట్లెక్కి వచ్చిన మనిషికి సూది గుచ్చగానే తీస్తే నార్‌మెటానెఫ్రిన్ ఊరికే పెరిగి కనిపిస్తుంది. నాడీ నొప్పులకూ నిద్రకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటి మందులూ ఇలాగే మోసం చేస్తాయి. నడుము నొప్పికి ఇలాంటివి ఇచ్చి ఉంటారేమో చూసుకోండి.

ఇరవై నాలుగు గంటల మూత్రం పరీక్ష అయితే పొద్దున్న మొదటిసారి వచ్చినది పారబోసి, అక్కడి నుంచి మర్నాడు అదే వేళ దాకా ఒక్క బొట్టు వదలకుండా పట్టాలి. మేమిచ్చే డబ్బాలో అడుగున కొంచెం ఆమ్లం ఉంటుంది. అది మురికి నీళ్లనుకుని కడిగి తెచ్చినవారిని ఎంతమందిని చూశానో లెక్కలేదు.

లెక్కల మాస్టారు | 6 ఆగస్టు 2025

నాకు ఈ చర్చలో కొంత ఇబ్బందిగా ఉంది. పోల్చే జట్టు లేని ప్రయోగం, నూటికి 26 మందికి పాక్షికంగా తగ్గడం, దాని ఆధారంగా అనుమతి, ఆ వార్త చదివి ఇక్కడ ఒక కుటుంబం ఇల్లు తాకట్టు పెట్టడం. ఇందులో సైన్స్ ఎంత, సంస్థ వ్యాపారం ఎంత? అరుదైన జబ్బు అన్న సాకుతో రుజువు బరువును తగ్గించేస్తున్నారని నా అనుమానం.

విశ్రాంత ఆచార్యుడు | 7 ఆగస్టు 2025

మాస్టారూ, సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను.

ఈ జబ్బులో పోల్చే జట్టుతో చేసిన తొలి ప్రయోగం ఫస్ట్‌మాప్. కిడ్నీ క్యాన్సర్‌కు వాడే సునిటినిబ్‌ను ఒక జట్టుకూ, ఉత్తుత్తి మాత్రను ఇంకో జట్టుకూ ఇచ్చారు. నాలుగు ఐరోపా దేశాలు కలిసి 78 మందిని చేర్చుకోవడానికి 2011 డిసెంబరు నుంచి 2019 జనవరి దాకా పట్టింది. ఫలితాలు 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఏడాది గడిచేసరికి జబ్బు ముదరకుండా ఉన్నవారు సునిటినిబ్ జట్టులో 36 శాతం, ఉత్తుత్తి మాత్ర జట్టులో 19 శాతం.

ఈ 19ని మనం రెండుసార్లు చదవాలి. ఏ మందూ లేకుండానే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి ఏడాదిపాటు జబ్బు కదలలేదు, అదీ అప్పటికే ముదురుతోందని తేల్చి చేర్చుకున్నవారిలో. కాబట్టి పోల్చే జట్టు లేని ప్రయోగంలో 'జబ్బు పెరగకుండా ఆగింది' అన్న మాటను నేను మందు ఖాతాలో వేయను. అక్కడ మీ అనుమానం సరైనదే. కానీ గడ్డ 30 శాతం తనంతట తాను కుదించుకోవడం ఈ జబ్బులో చాలా అరుదు. అందుకని కుదించుకున్న 26 శాతాన్ని, తగ్గిన బీపీ మందులను మందు ఖాతాలోనే వేస్తాను. ఏడేళ్లకు 78 మంది దొరికే జబ్బులో 72 మంది చిన్న సంఖ్య కాదు.

సునిటినిబ్ గురించి ఒక మెలిక చెప్పాలి. అది స్వయంగా బీపీని పెంచే మందు. అప్పటికే బీపీ పోట్లతో ఉన్నవారికి ఇచ్చేటప్పుడు ఆల్ఫా మందు గట్టిగా పట్టించి, మొదటి వారాలు దగ్గరుండి చూసుకోవాలి.

గామా కిరణం | 8 ఆగస్టు 2025

న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో సాంకేతిక నిపుణుడిని. మాత్రల మధ్య మా వైద్యాన్ని మరిచిపోయారు.

ఈ గడ్డ కణాలు నార్‌అడ్రినలిన్‌ను లోపలికి పీల్చుకుంటాయి. దానిలాగే కనిపించే ఎంఐబీజీ అనే అణువుకు రేడియో అయోడిన్ తగిలించి ఇస్తే దాన్నీ పీల్చుకుంటాయి. 1980ల మొదట్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో దీన్ని తయారుచేశారు. తక్కువ మోతాదైతే బొమ్మ తీయడానికి, ఎక్కువైతే లోపల నుంచే కణాన్ని కాల్చడానికి. రోగిని సీసం తొడిగిన గోడల గదిలో కొన్నాళ్లు ఒంటరిగా ఉంచుతాం, థైరాయిడ్ గ్రంథి రేడియో అయోడిన్‌ను పట్టుకోకుండా ముందు నుంచే మామూలు అయోడిన్ చుక్కలు తాగిస్తాం. గది కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌లో మాట్లాడుకునే కుటుంబాలను చూస్తుంటే ఎన్నేళ్లయినా అలవాటు కాదు.

రెండోది లుటేషియం-177. గడ్డ కణాల పైన సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు ఉంటే, వాటిని పట్టుకునే డోటాటేట్‌కు లుటేషియం తగిలించి నరంలోకి ఎక్కిస్తాం. కిడ్నీలను కాపాడే అమైనో ఆమ్లాల సెలైన్‌ను దాంతోపాటే గంటల తరబడి ఎక్కించాలి. ఎక్కువమందికి వాంతులయ్యేది ఆ సెలైన్ వల్లే, వచ్చినవారు మాత్రం రేడియేషన్ వల్ల అనుకుని భయపడతారు. ఆ లుటేషియం ముంబైలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వారి ధ్రువ రియాక్టర్‌లోనూ తయారవుతుంది కాబట్టి మన దేశంలో ఈ వైద్యం అందని ద్రాక్ష కాదు. ఈ గడ్డల్లో దీన్ని రుజువు చేసిన పెద్ద పోలిక ప్రయోగం లేదని ఆచార్యులవారు గుర్తుచేసేలోగా నేనే ఒప్పుకుంటాను.

మాస్టారుగారి వ్యాపారం ప్రశ్నకు మా రంగంలోనే ఒక జవాబుంది. ఎంఐబీజీలోనే ప్రత్యేకంగా తయారుచేసిన అజెడ్రా అనే మందుకు 2018 జూలైలో అమెరికా అనుమతి ఇచ్చింది. కోసి తీయలేని ఈ గడ్డల వైద్యానికి అక్కడ అనుమతి పొందిన తొలి మందు అది. 68 మందిలో 17 మందికి బీపీ మందులు సగానికి తగ్గాయి. కొనేవారు చాలినంతమంది లేరని 2024లో దాని తయారీని సంస్థ ఆపేసింది. పని చేయక పోలేదు, లాభం లేక పోయింది. పాత పద్ధతి ఎంఐబీజీ మాత్రం ఇంకా దొరుకుతోంది.

ఏది ఇవ్వాలన్నా ముందు గాలియం-68 డోటాటేట్ పెట్ స్కాన్, ఎంఐబీజీ స్కాన్ తీసి గడ్డలు దేన్ని పట్టుకుంటున్నాయో చూడాలి. ఏదీ పట్టుకోని గడ్డకు మా వైద్యం దండగ.

ప్రయోగ సమన్వయకర్త | 9 ఆగస్టు 2025

హైదరాబాద్‌లో ఔషధ ప్రయోగాల సమన్వయం నా ఉద్యోగం. తాకట్టు మాట విని రాస్తున్నాను.

మందుకు అనుమతి అనేది దేశం వారీగానే కాదు, జబ్బు వారీగా కూడా ఉంటుంది. మన దేశంలో అనుమతి లేని మందును ఒక రోగి సొంత వాడకానికి తెప్పించుకోవాలంటే, డాక్టరు రాసిన చీటీతో ఫారం 12ఏలో దరఖాస్తు చేయాలి, అనుమతి ఫారం 12బీలో వస్తుంది. దళారులతో పనిలేదు. వాట్సాప్‌లో 'అదే మందు, పదో వంతు ధర' అని వచ్చే సందేశాలకు జవాబివ్వకండి. ఆ సీసాలో ఏముందో చెప్పేవాడు ఉండడు.

ఏదైనా ప్రయోగంలో చేరే అవకాశం ఉందేమో సీటీఆర్ఐ అనే జాతీయ నమోదు పట్టికలో వెతకండి. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ప్రతి ఔషధ ప్రయోగమూ అందులో నమోదు కావాలి. చేరేటప్పుడు సమ్మతి పత్రాన్ని తెలుగులో అడిగి తీసుకోండి, ఇంటికి తెచ్చుకుని చదవండి. మా దగ్గరకొచ్చే చాలామంది చివరి పేజీ తెరిచి సంతకం ఎక్కడ పెట్టాలని అడుగుతారు. నేను మొదటి పేజీ తెరిచి వెనక్కి ఇస్తాను. ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు, మందు పనిచేస్తే ప్రయోగం ముగిశాక కూడా ఇస్తారా అన్న రెండు ప్రశ్నలూ అడగండి. 2019 నాటి నిబంధనల్లో రెండింటికీ చోటుంది.

అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో వచ్చింది, హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి దాని కేంద్రంగా ఉన్నాయి. ఆ విధానం కింద 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది కానీ, దాని జాబితాలో ఉన్నవి ఎక్కువగా పిల్లల్లో కనిపించే జీవక్రియ లోపాలు. దాని మీద ఆశ పెట్టుకుని కాలయాపన చేయకండి.

మేనత్త కొడుకు | 10 ఆగస్టు 2025

జన్యు పరీక్ష అక్కయ్యగారి మందు కోసమే అనుకుంటున్నారు, ఇంటిల్లిపాదికీ సంబంధించిన సంగతి అది. ఈ గడ్డలు వచ్చినవారిలో మూడో వంతు మందికి పైగా పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు ఉంటుంది. మా ఇంట్లో అది ఎస్‌డీహెచ్ జన్యువుల్లో ఒకటైన ఎస్‌డీహెచ్‌డీ. దాని తీరు వింతగా ఉంటుంది: తండ్రి నుంచి వస్తే గడ్డలు వస్తాయి, తల్లి నుంచి వస్తే దాదాపు రావు. తల్లి ఇచ్చిన మార్పు కొడుకులో నిద్రపోయి, ఆ కొడుకు పిల్లల్లో లేస్తుంది. మా అమ్మమ్మ మెడలో గడ్డ, మధ్యలో మా అమ్మావాళ్ల తరంలో కొందరు ఏ జబ్బూ లేనివాళ్లు, మళ్లీ మా మేనమామ పిల్లల్లో గడ్డ. 'ఒక తరం వదిలేసింది' అని ఇంట్లో అనుకునేది దీన్నే.

విశ్రాంత ఆచార్యుడు | 10 ఆగస్టు 2025

చక్కగా చెప్పారు. ఎస్‌డీహెచ్‌బీ అయితే ఆ తేడా లేదు, తల్లి నుంచి వచ్చినా తండ్రి నుంచి వచ్చినా ఒకటే, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. అయితే మార్పు ఉన్న ప్రతివారికీ గడ్డ రాదు. వచ్చిన గడ్డ ఇతర చోట్లకు పాకే ప్రమాదం మాత్రం దీనిలోనే ఎక్కువ, అందుకే ఆపరేషన్ అయ్యాక జీవితాంతం చూసుకుంటూ ఉండాలి. 2014లో ఆ పరీక్ష జరిగి ఉంటే ఈ మచ్చలు ఇంకా ముందే కనిపించేవేమో. మార్పు ఉన్న పిల్లలను ఆరు నుంచి పదేళ్ల వయసులో చూడటం మొదలుపెట్టాలని అంతర్జాతీయ నిపుణుల సూచన. బీపీ, మెటానెఫ్రిన్లు, రేడియేషన్ లేని ఎంఆర్ఐతో.

మీ సభ్యనామం చూశాక మేనరికం గురించి కూడా రాయాలనిపించింది. ఒకే ఎస్‌డీహెచ్‌బీ మార్పు తల్లిదండ్రులిద్దరిలోనూ ఉండి, బిడ్డకు రెండు వైపులా వస్తే, అది గడ్డలతో ఆగదు; మెదడును దెబ్బతీసే తీవ్రమైన మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారయ్యే చోటు) జబ్బుగా పసితనంలోనే బయటపడవచ్చు. మార్పు ఉన్న ఇంట్లో మేనరికం కుదుర్చుకునే ముందు ఇద్దరికీ పరీక్ష చేయించడం మంచిది.

తణుకు తమ్ముడు | 21 సెప్టెంబరు 2025

ఆలస్యానికి మన్నించండి. అందరూ చెప్పినవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాం.

బీపీ సంగతి చెప్పగానే ప్రజోసిన్ అనే ఆల్ఫా మందు మొదలుపెట్టి మోతాదు మెల్లగా పెంచారు. ముక్కు దిబ్బడ వేసింది, ఊరగాయ జాడీగారూ. అక్కయ్య జలుబనుకుని విసుక్కుంటుంటే మేమంతా సంతోషించాం. 200 దాటడం నెల రోజులుగా లేదు. హిమోగ్లోబిన్ తగ్గడానికి ఇనుము లోపమే కారణమని తేలింది, మందు వేస్తే 11.2కి వచ్చింది.

జన్యు పరీక్షలో ఎస్‌డీహెచ్‌బీ మార్పు ఉందని వచ్చింది. స్కాన్‌లో కాలేయంలోని మచ్చ జనవరిలో ఉన్నంతే ఉంది. వెన్నుపూసల్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగిందన్నారు కానీ, అది కొలతలో తేడా కూడా కావచ్చట. డోటాటేట్ పెట్ స్కాన్‌లో మూడూ బాగా వెలిగాయి. డాక్టర్లు ముగ్గురు కూర్చుని మాట్లాడి, ఇప్పుడు ఏ మందూ మొదలుపెట్టకుండా మూడు నెలల తరువాత మళ్లీ చూద్దామని, కదిలితే ముందు లుటేషియం, అది పనిచేయడం ఆగితే మాత్ర గురించి ఆలోచిద్దామని చెప్పారు. బావగారికి ఊరికే కూర్చోవడం వైద్యం అనిపించడం లేదు. 19 శాతం లెక్క ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను. తాకట్టు కాగితాలు మాత్రం బీరువాలో పెట్టారు.

అమ్మకు మార్పు లేదు. నాన్నగారు 52వ ఏట పెళ్లి భోజనాల పంక్తిలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు, గుండెపోటు అన్నారు. ఆయనకూ ఇలాగే చెమటలు పట్టేవని, తువ్వాలు ఎప్పుడూ భుజం మీదే ఉండేదని అమ్మ ఇప్పుడు చెబుతోంది.

నేనూ నమూనా ఇచ్చాను, ఫలితం రావడానికి ఇంకో మూడు వారాలు పడుతుంది. మెటానెఫ్రిన్ల పరీక్ష సోమవారం పొద్దున్న. కుర్చీలో కూర్చోబెట్టి తీయబోతే ఒప్పుకోనని, అరగంట పడుకోబెట్టాలని ల్యాబుకు నిన్ననే ఫోన్ చేసి చెప్పాను. మంచం ఖాళీ ఉండదేమో, ఏడింటికల్లా వచ్చేయండి అన్నారు.